మా రోజుల్లో గుర్రానికి ముందు పని, తర్వాతే ధర

ఇప్పుడు గుర్రం కొనాలని సలహాకు వచ్చేవాళ్లు ముందు ఫోను తీసి వీడియో చూపిస్తారు. మూడేళ్ల గుర్రప్పిల్ల, మెడ వంచి, ముందుకాళ్లు ఎగరేస్తూ ట్రాట్‌లో పోతుంటుంది. వెనక పాటొకటి. "జర్మనీ నుంచి తెప్పిద్దామనుకుంటున్నాం సార్, ఎలా ఉంది?" అంటారు. దీని తల్లి ఎన్నేళ్లు జీను మోసింది అని అడిగితే నీళ్లు నములుతారు. పశువైద్యుడిగా గుర్రాల మధ్యే బతికినవాణ్ని, నాకు ఒళ్లు మండుతుంది.

మా రోజుల్లో గుర్రాన్ని చూడడమంటే చేత్తో చూడడం. ముందుకాలి మోకాలి కింద, వెనకవైపు స్నాయువు మీద అరచెయ్యి ఆనించి మెల్లగా గిట్ట దాకా దించేవాళ్లం. రెండు కాళ్ల వేడీ ఒక్కలా ఉందా, వేలి కింద ఉబ్బు తగులుతోందా అని చూసేవాళ్లం. తర్వాత గిట్ట ఎత్తి లాడం ఏ పక్క అరిగిందో పరీక్ష. ఒక పక్కే అరిగితే నడకలో ఎక్కడో తేడా ఉన్నట్టే. ఏ వీడియో చెబుతుంది ఈ సంగతులు?

మంచి గుర్రమంటే ఏమిటో చెప్పడానికి మా గురువులు ట్రకేనర్ జాతిని చూపించేవారు. 1732లో ప్రష్యా రాజు మొదటి ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ తూర్పు ప్రష్యాలో చిత్తడి నేలలు ఎండగట్టించి, ట్రకేనన్ అనే చోట గుర్రాల క్షేత్రం పెట్టించాడు. ఆ ప్రాంతపు పొట్టి, మొండి రైతు గుర్రాలకు క్రమంగా అరబ్బీ, ఇంగ్లీషు థరోబ్రెడ్ మగ గుర్రాలను దాటించారు. బరువులు లాగే భారీ జాతులకూ, పరుగుపందేల జాతులకూ నడిమి రకం తయారైంది. వార్మ్‌బ్లడ్‌లంటే ఇలాంటివే. తొడ మీద వేసిన జింక కొమ్ముల్లాంటి ముద్ర చూసి జాతిని గుర్తుపట్టేవాళ్లు.

అక్కడి రైతు ఆడగుర్రంతో పొలం దున్నేవాడు, బండి తోలేవాడు, దాని పిల్లను సైన్యానికి అమ్ముకునేవాడు. పనికిరాని గుర్రం ఆ ఇంట్లో నిలిచేదే కాదు. మగ గుర్రాల సంగతి ఇంకా గట్టిది. 1926లో త్స్వియోన్‌లో పరీక్షా కేంద్రం పెట్టి, కుర్ర మగ గుర్రాలను ఏడాది పాటు పనిచేయించి చూశాకే సంతానానికి వాడేవారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ (గుర్రం చేత పద్ధతిగా అడుగులు వేయించే పోటీ) స్వర్ణం క్రోనోస్‌కు, ఈవెంటింగ్ (మూడు రకాల స్వారీ కలిపిన పోటీ) స్వర్ణం నూర్మికి వచ్చాయంటే రావా మరి? రెండూ ట్రకేనర్‌లే.

అసలు పరీక్ష 1945 జనవరిలో ఎదురైంది. సోవియట్ సైన్యం ముంచుకొస్తుంటే రైతులు ఇంటిల్లిపాదినీ బండ్లలో ఎక్కించుకుని పడమటికి బయల్దేరారు. ఆ బండ్లకు కట్టింది ఈ ఆడగుర్రాలనే, వాటిలో చూలువి ఎన్నో. గడ్డకట్టిన విస్తులా లగూన్ మీదుగా, పైనుంచి విమానాలు కాలుస్తుంటే, మంచు విరిగి బండ్లకు బండ్లే మునిగిపోతుంటే నడిచాయి. వేల సంఖ్యలో ఉన్న జాతిలో పశ్చిమ జర్మనీ చేరి మిగిలినవి కొన్ని వందలు. 1947లో ఆ కొద్దిపాటితోనే సంఘం పెట్టి జాతిని మళ్లీ నిలబెట్టారు. ట్రకేనన్ ఇప్పుడు రష్యాలోని కలినిన్‌గ్రాడ్ ప్రాంతంలో ఉంది.

ఇప్పుడేమైంది? ఏడాది పరీక్ష పోయింది. జర్మనీలో కుర్ర మగ గుర్రానికి మొదటి పరీక్ష 14 రోజులు, ఆ పైన 50 రోజులది. పోటీల్లో గెలుపులూ లెక్కేస్తామంటారు, సరే. కానీ ఆ గెలుపులు వచ్చేలోపే దాని వీర్యం గడ్డకట్టించి దేశదేశాలకూ పంపేస్తున్నారు. ఒక్క రోజూ జీను మొయ్యని ఆడగుర్రం పిండాన్ని తీసి ఇంకోదాని కడుపులో పెడుతున్నారు. తల్లి పాలు మరవని పిల్లలకు ఆన్‌లైన్ వేలం. ఎవరికి అంత తొందర?

జాతి చెడిపోయిందని నేననను. దలేరా అనే ట్రకేనర్ ఆడగుర్రం టోక్యోలోనూ, పారిస్‌లోనూ డ్రెస్సాజ్ స్వర్ణం గెలిచింది. పారిస్ నాటికి దాని వయసు 17. అన్నేళ్లు కాళ్లు నిలబడ్డాయే, అది నాకు పతకం కన్నా ఎక్కువ. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన జట్టు డ్రెస్సాజ్‌లో స్వర్ణం గెలిచినప్పుడు నేనూ మురిసిపోయాను. ఆ జట్టు పిల్లలు ఏళ్ల తరబడి యూరప్‌లో ఉండి చెమటోడ్చారు. మనవాళ్లకు ఆ ఏళ్లు కనపడడం లేదు, గుర్రం ధరే కనపడుతోంది.

పిల్లలకు గుర్రం కొనే తల్లిదండ్రులకు ఒక మాట. గుర్రం వెన్నెముక ఎదుగుదల పూర్తయ్యేసరికి అయిదారేళ్లు పడుతుంది. మూడేళ్లదాన్ని తెచ్చి నాలుగో ఏట పోటీకి దింపకండి. పదేళ్లు దాటి, ఇంకా కుంటకుండా పనిచేస్తున్న గుర్రం దొరికితే దాన్నే కొనండి. కొనేముందు ఓ పశువైద్యుణ్ని వెంట తీసుకెళ్లి కాళ్లు తడిమి చూడమనండి.