గుజ్జు పుట్టించే కరెంటు

తెలుగువాడి మోకాలిలో గుజ్జు అరిగిపోయిన సంగతి ఎముకల డాక్టరు కన్నా ముందు ఫోనుకు తెలుస్తుంది. యాభై దాటిన మనిషి మెట్లెక్కుతూ ఒక్కసారి "అమ్మా" అన్నాడంటే చాలు, సాయంత్రానికల్లా తెర మీద యంత్రాలు బారులు తీరుతాయి. అరచేతిలో ఇమిడే సీతాకోకచిలుక ఆకారంది రెండు మూడొందలకు. పాదాలు ఆనించే మడత చాప ఇంకాస్త ఎక్కువకు. ఎనిమిది మోడ్‌లు, పంతొమ్మిది లెవెళ్ళు. పక్కనే ఒక గడియారం సెకన్లు లెక్కపెడుతుంటుంది: ఆఫర్ అయిపోవడానికి పన్నెండు నిమిషాలే, స్టాకులో మిగిలినవి రెండే. ఆ రెండూ సంక్రాంతి నుంచీ అలాగే మిగిలి ఉన్నాయి. ఇలా లేని తొందర పుట్టించి అమ్మకూడదని కేంద్రం 2023లో మార్గదర్శకాలు తెచ్చింది. పాపం, ఆ గడియారానికి లెక్కపెట్టడమే వచ్చు, చదవడం రాదు.

ఇక పెట్టె మీది జాబితా చూడండి. మోకాలి నొప్పి, నడుం నొప్పి, మెడ నొప్పి, సయాటికా, నరాల బలహీనత, షుగరు, బీపీ, పక్షవాతం, నిద్ర పట్టకపోవడం, పొట్ట తగ్గకపోవడం. మొండి బకాయిలు వసూలు కాకపోవడం ఒక్కటే మరిచిపోయినట్టున్నారు.

అసలు సరుకు చూస్తే ఇంతే ఉంటుంది. దాని పేరు టెన్స్. చర్మానికి ప్యాడ్లు అంటించి, కరెంటును చిన్నచిన్న తుంపులుగా పంపి నరాలను కదిలించడం. ఫిజియోథెరపీకి వెళ్ళొచ్చినవాళ్ళు "కరెంటు పెట్టారు" అంటారే, ఆ కుటుంబానికి చెందినదే. వెన్నుపాములో నొప్పి కబురు పైకి పోయే దారిలో ఒక గేటు ఉంటుందని, స్పర్శ కబుర్లు జోరుగా వస్తే ఆ గేటు నొప్పిని నిలబెట్టేస్తుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు సిద్ధాంతం చెప్పారు. తలుపు సందున పడిన వేలిని గబగబా రుద్దుకుంటాం చూడండి, ఆ రుద్దుడునే ఈ యంత్రం కరెంటుతో చేస్తుంది. గుజ్జు పుట్టించదు. జారిన డిస్కును వెనక్కి తోయదు. కబురును కాసేపు ఆపుతుంది, స్విచ్చి కట్టేశాక కబురు మళ్ళీ బయల్దేరుతుంది.

ఈ కాసేపటి సుఖం కొత్తదేమీ కాదు. ఒకటో శతాబ్దంలో రోములో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు గౌటు నొప్పి రోగిని తడి ఒడ్డున నిలబెట్టి, కరెంటు కొట్టే బతికున్న సముద్రపు చేపను కాలి కింద పెట్టమన్నాడు, మోకాలి దాకా మొద్దుబారేవరకు. ఆ చేపకు పంతొమ్మిది లెవెళ్ళూ లేవు, ఈఎమ్ఐ సదుపాయమూ లేదు.

మరి పనిచేస్తుందా అంటే, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2016లో నడుం నొప్పికి దీన్ని ఇవ్వొద్దంది. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2012లోనే దీర్ఘకాలపు నడుం నొప్పికైతే డబ్బు కట్టేది లేదంది, పరిశోధనల్లో చేరినవాళ్ళకు తప్ప. ఆ యంత్రాన్నే డాలస్ కొడుకు సూట్‌కేసులో పెట్టుకొచ్చి నాన్న చేతిలో పెడతాడు. ఇంకోపక్క 381 పరీక్షల ఫలితాలను గుదిగుచ్చి 2022లో అచ్చయిన సమీక్ష ఒకటుంది. పెట్టుకున్నంతసేపూ, తీసిన వెంటనే, నొప్పి ఉత్తుత్తి యంత్రంతో కన్నా తక్కువగా ఉంటోందని అది తేల్చింది. రెండిటినీ కలిపి చదువుకుంటే ఈ యంత్రం విలువ తెలుస్తుంది: పూటకు ఒక గంట ఊరట. దానికి న్యాయమైన ధర కడితే ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా ఊళ్ళో కమ్యూనిటీ హాలు దగ్గర. "ఉచిత ఫుట్ పల్స్ థెరపీ" అని బ్యానరు. తెల్లవారగానే ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోతాయి. చెప్పులన్నీ గుమ్మం దగ్గర, పాదాలన్నీ నల్లటి రబ్బరు పలకల మీద. అరగంట సేపు జుమ్మని చీమలు పాకుతుంటే, మైకు పట్టుకున్న కుర్రాడు పాదమే రెండో గుండె అని ఉపన్యాసం దంచుతుంటాడు.

"బాబాయి గారూ, మీకిది ఎన్నో రోజు?"

"పదకొండు, బాబూ."

"ఎలా ఉంది?"

"పర్లేదు, కాస్త తేలిగ్గా ఉన్నట్టే ఉంది."

"విన్నారుగా! బాబాయి గారికి మోకాళ్ళ నొప్పి పూర్తిగా పోయింది. చప్పట్లు కొట్టండి!"

తన నొప్పి పోయిన సంగతి మైకులో విన్న బాబాయి గారు, పక్కాయన భుజం పట్టుకుని కుర్చీలోంచి లేచారు.

ఇందులో చట్టం తెలిసిన తెలివి ఉంది. షుగరు, రక్తపోటు, పక్షవాతం నయం చేస్తామని ప్రకటనలివ్వకూడదని 1954 నాటి మాయ మందుల చట్టం చెబుతోంది. అందుకే బ్యానరు మీద ఒక్క రోగం పేరు ఉండదు. రోగాల పేర్లన్నీ రోగుల చేతే చెప్పిస్తారు. రెండు వారాలు దాటాక ఉచితం పలచబడి, ఐదంకెల ధర ఒకటి మెల్లగా బయటికొస్తుంది. అప్పటికి బాబాయి గారికి కుర్రాడు సొంత మనిషి. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో, మోకాలు ఎలా ఉందని రోజూ అడిగే మనిషి ఇన్నాళ్ళకు ఒకడు దొరికాడు. పెన్షన్ డబ్బు పోసి బాబాయి గారు కొన్నది ఆ పలకరింపునే. పెట్టెతో పాటు అది ఇంటికి రాదు.

ఇంతవరకూ డబ్బు నష్టమే. అసలు దారుణం వేరే ఉంది. గుండెలో పేస్‌మేకర్ ఉందా, మూర్ఛ ఉందా, చర్మానికి స్పర్శ సరిగ్గా తెలుస్తోందా అని కరెంటు పెట్టే ముందు ఏ ఫిజియోథెరపిస్టయినా అడుగుతాడు. ఈ హాల్లో ఆ ప్రశ్నలు వేస్తే సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. షుగరుతో స్పర్శ చచ్చిన పాదానికి కరెంటు ఎంత పెరిగిందో తెలియదు, చర్మం కమిలినా తెలియదు. వీళ్ళు మాత్రం "మీ ఓర్పే ఓర్పు పిన్నిగారూ, పద్దెనిమిదిలో పెట్టినా కిమ్మనరు" అని మెచ్చుకుంటారు.

సరే, గంట ఊరటే చాలనుకుని, డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడిగాకే కొంటామనే బుద్ధిమంతులకు రెండు వేలు, అటూ ఇటూగా, సరిపోతుంది. పెట్టె తిరగేసి చూడండి. కరెంటు ఎన్ని మిల్లీ ఆంపియర్లు, తుంపుల వేగం ఎన్ని హెర్ట్జ్‌లు, ఒక్కో తుంపు ఎన్ని మైక్రోసెకన్లు, ఇవి రాసి ఉండి మనమే మార్చుకోగలిగితే అది యంత్రం. ఉత్త "లెవెల్ 19" అని ఉంటే, పంతొమ్మిది దేనికి పంతొమ్మిదో తయారుచేసినవాడికీ తెలియదు. కండ ఎగిరెగిరి పడితేనే మందు పట్టినట్టని మురిసిపోకండి. కండను ఆడించడం ఈఎమ్ఎస్ అనే వేరే యంత్రం పని, చవక పెట్టెల్లో చాలావాటిలో ఉండేది అదే. టెన్స్ గట్టిగా జుమ్మనాలి, నొప్పి పుట్టకూడదు.

లైసెన్సు నంబరు కూడా వెతకండి. 2022, 2023ల్లో అంచెలంచెలుగా మన దేశంలో వైద్య పరికరాలకు లైసెన్సు తప్పనిసరి అయింది. దీనికి విరుగుడు మనవాళ్ళు అప్పుడే కనిపెట్టారు: ప్రకటనలో మహావైద్యుడు, బిల్లులో మసాజర్. మసాజర్‌కు ఏ నంబరూ అక్కర్లేదని వాళ్ళ ధీమా.

మెడ ముందు భాగాన, తల మీద, గుండెల మీద ప్యాడ్లు వద్దు. పెట్టుకుని నిద్రపోవద్దు. గర్భిణులు డాక్టరు మాట లేకుండా ముట్టుకోవద్దు. ఈ మాటలు పెట్టెలోని కాగితం మీద ఉంటాయి, భూతద్దం మాత్రం విడిగా కొనుక్కోవాలి.

చివరి మెలిక ప్యాడ్లలో ఉంది. అవి జిగురు ఉన్నన్నాళ్ళే. మనం నూనెతో మర్దనా చేసి, బామ్ పట్టించిన మోకాలికి వాటిని అంటిస్తాం కనుక ఆ జిగురు ఇంకా ముందే పోతుంది. వైరు పిన్ను మామూలు రకమైతే కొత్త జత సులువుగా దొరుకుతుంది. అది ఆ కంపెనీకే ప్రత్యేకమైన పిన్నయితే, కంపెనీ ఈపాటికి పేరు మార్చుకుని వంటింటి చాపర్లు అమ్ముతుంటుంది. యంత్రం నిక్షేపంగా ఉంటుంది, అంటుకోదు. అప్పుడు దాని ఫొటో పాత సామాన్ల యాప్‌లోకి ఎక్కుతుంది, సగం ధరకు, ఈ మాటలతో: "రెండుసార్లే వాడాం. నాన్నగారికి పూర్తిగా నయమైపోయింది, అందుకే అమ్మేస్తున్నాం."