చీపురు పుల్ల కొలత

నేను కుమ్మరి సారెను. ఛత్రినాకలో, లాల్ దర్వాజ సింహవాహిని మహంకాళి గుడికి నడిచిపోయేంత దూరంలో, ఒక ఇంటి వెనక రేకుల కింద ఉంటాను. ఉప్పుగూడలో ఆగి కదిలే ఎంఎంటీఎస్ కూత నాకు రోజూ వినిపిస్తుంది. చెక్క ఆకులు, వాటి చుట్టూ పీచు కలిపి మెత్తిన మట్టి పట్టీ, నడుమ నిలిచే మేకు. నా ఒళ్లంతా ఇంతే. మోటారు లేదు. అంచు గుంటలో కర్ర పెట్టి తిప్పితే తిరుగుతాను. ఆ ఊపు ఉన్నంతసేపే పని.

విద్యంతా ఆ ఊపులోనే ఉంది. తిప్పిన కొత్తలో ఉండే జోరు, ముద్దను నడిమికి తెచ్చుకోవడానికి. కాస్త తగ్గాక గోడ లేపాలి. బాగా నెమ్మదించాక అంచు దిద్దాలి. కొత్తవాళ్లు మూడింటికీ ఒకటే తొందర పడతారు. నన్ను తిప్పే తాత దగ్గర నేర్చుకునే మనవరాలూ అంతే.

ఆ పిల్ల నా ముందు కూర్చున్ననాడు ఇంట్లో గొడవైంది. ఆడవాళ్లు మట్టి జల్లించొచ్చు, తొక్కొచ్చు, ఆవం పేర్చొచ్చు, సారె మాత్రం ముట్టొద్దని పాత కట్టు. “కుమ్మరింటి మొల్ల రామాయణమే రాసింది. నా మనవరాలు కుండ చేస్తే ఏమైతది?” అన్నాడు తాత. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ప్రమిదలు తొందరగానే పట్టుబడ్డాయి. పెద్ద ముద్దను నిలిపి, కొసన ఒక్కొక్కటే తీసి దారంతో కోసుకుంటూ పోవడమే. అక్కడిదాకా చాలామంది వస్తారు. అసలు కష్టం ఆ తర్వాత. చేయి తిరిగిందనిపిస్తుంది, కుండ మాత్రం జానెడు లేచేసరికి కూలబడుతుంది. కూలే ముందు బరువు ఒక పక్కకు వాలడం నాకు తెలుస్తూనే ఉంటుంది. చెప్పడానికి నోరు లేదు.

ఒక మధ్యాహ్నం కుండ నిలబడింది. “తాతా, చూడు!” అని అరిచింది. ఆయన వచ్చి, చుట్టూ చూసి, దారం తీసుకుని కుండను నిలువునా రెండు చెక్కలు చేశాడు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏడ్వకు బిడ్డా. గోడ చూడు.”

అడుగున బొటనవేలంత మందం. నడుమ రొట్టె కంటే పలచన. మెడ దగ్గర మళ్లీ లావు.

“కింది మట్టి కిందనే ఉండిపోయింది. లోపలి వేలు, బయటి వేలు ఒకదాని మాట ఒకటి వినాలె. సారె కన్న జల్ది మీదికి పోకు.”

ఆ తర్వాత చాలా రోజులు ఆమె చేసిన ప్రతి కుండనూ తానే కోసుకుంది. కోసి, చెక్కను వెలుగుకు పట్టి, గోడ పొడుగునా వేలితో తడిమి, మళ్లీ ముద్దలో కలిపేది. పోయింది ఏమీ లేదు, మట్టి మట్టిలోనే ఉంది.

బోనాలు జరిగే ఆషాఢం దగ్గర పడింది. బోనం కుండ, దాని మీద మూత, మూత మీద దీపం. ఇప్పుడు చాలామంది ఇత్తడి బిందెలు ఎత్తుతున్నారు, నాకు బాధగానే ఉంటుంది. బోనమంటే భోజనం. తల మీద నడిచి వెళ్లే వంట అది. మూత కదిలితే దీపం పోతుంది. పిల్ల ఆరిన కుండ మూతిని చీపురు పుల్లతో కొలిచి, పుల్ల తుంచి, ఆ కొలతకే మూత చేసింది. మూత ఆరాక కుండలోకి జారిపోయింది. మట్టి ఆరి కాలేసరికి దాదాపు పదో వంతు కుంచించుకుంటుంది మరి. రెండోసారి కుండ పచ్చిగా ఉండగానే పుల్ల తుంచింది. అదే మట్టితో, అదే పూట మూత చేసింది. రెండూ కలిసి ఆరాయి, ఒకే ఆవంలో కాలాయి. మూత కూర్చున్నప్పుడు చిన్నగా ‘టక్’మంది. తాత ఏమీ అనలేదు, తీసి మళ్లీ మూసి ఆ చప్పుడు ఇంకోసారి విన్నాడు.

ఆదివారం వాళ్లమ్మ ఆ బోనం ఎత్తుకుంది. సున్నం, పసుపు, కుంకుమ బొట్లు, వేపమండలు. డప్పులు గల్లీ మలుపు తిరిగి లాల్ దర్వాజ వైపు పోయేదాకా విన్నాను. రాత్రి పొద్దుపోయాక పిల్ల పసుపు కాళ్లతోనే వెనక్కి వచ్చింది. తడిగుడ్డతో నా మీద ఎండిన మట్టి తుడిచింది.

“దీపం ఆరలేదు తాతా. రేపు నీళ్ల రంజన్‌కు మట్టి తొక్కుదామా?”

మూలనున్న కర్రను తీసి నా అంచుకు ఆనించి పెట్టింది.