సంతకం వచ్చే వారం

అమెరికా వెళ్ళిపోవడమా, ఉన్నచోటే ఉండిపోవడమా అన్న విషయం మా ఇంట్లో పద్నాలుగు నెలలుగా పెండింగులో ఉంది. ముప్పై మూడేళ్ళు ఇరిగేషన్ ఆఫీసులో ఫైళ్ళు నడిపినవాణ్ణి కనుక దీనికీ ఒక ఫైలు తెరిచాను. పాత డైరీలో పేజీ మధ్యన స్కేలు పెట్టి గీత కొట్టి, ఎడంపక్క 'వెళ్ళుటకు కారణములు', కుడిపక్క 'ఉండుటకు కారణములు' అని రాశాను. మా ఆవిడ తొంగిచూసి, "ఈ గీతకే ఒక పూట పట్టింది, ఇక వెళ్ళినట్టే," అంది. ఆవిడ రిమార్కు కూడా రికార్డులో ఉండాలి కదా. ఏ పక్కకి వస్తుందో తేలక గీత మీదే రాశాను.

ఎడంపక్క మొదటి పద్దు మా ఇంటి ముందున్న సైడు కాలువ. అందులో నీళ్ళు పారగా నేను ఆఖరుసారి చూసింది 2016 ఆగస్టులో, కృష్ణా పుష్కరాలప్పుడు. ఎవరో పెద్దమనిషి ఈ వీధినే వెళ్తారని పుకారు పుట్టి ఒక్క రాత్రిలో శుభ్రం చేసేశారు. ఆయన పక్క వీధిన వెళ్ళారు. అప్పటినుంచి అది కాలువ కాదు, మడుగు. గేటు దగ్గర నిలబడి చూస్తే వరసగా కనబడేవి ఇవి: విరిగిన పలక, దాని కింద ఇరుక్కున్న కొబ్బరిబోండాం, షాంపూ పాకెట్లు, ఒక ఎడమకాలి చెప్పు. ఆ చెప్పుకి మొన్న సంక్రాంతికి రెండేళ్ళు నిండాయి. నీటిరంగు గురించి రాయను, ఇది చదువుతూ ఎవరైనా కాఫీ తాగుతూ ఉండొచ్చు.

ఈ విషయమై సోమవారం గ్రీవెన్సులో పదకొండు అర్జీలు ఇచ్చాను. ప్రతి అర్జీకీ రసీదు ఉంది, ప్రతి రసీదుకీ 'పరిష్కరించబడినది' అని ఫోనుకి మెసేజీ కూడా ఉంది. చిలుకూరు బాలాజీ గుళ్ళో వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, వచ్చాక నూట ఎనిమిది చేసి మొక్కు తీర్చుకుంటారు. నా పదకొండూ అయిపోయాయి. కాలువ బాగుపడితే మరో 108 అర్జీలు ఇచ్చుకుంటానని మొక్కడం ఒక్కటే మిగిలింది.

తెల్లవారుజామున నాలుగున్నరకి మైకు, మధ్యాహ్నం కోతులు, రాత్రి కుక్కలు, సందు దొరికినప్పుడు కరెంటు కోత. వీటన్నిటికీ కలిపి ఒక్క లైనే ఇచ్చాను. అందరికీ ఉన్నవే.

ఇక అసలు పద్దు మా అబ్బాయి. వాడు 2004లో చదువుకోవడానికి వెళ్ళాడు. అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేటే లేదు, వీసాకి మద్రాసు వెళ్ళి, తెల్లవారుజామున క్యూలో నిలబడ్డాం. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో తెరిచారు, 2023లో నానక్‌రామ్‌గూడకి మార్చారు. మా వాడు ఈలోగా స్టూడెంటు వీసా, హెచ్‌1బీ, గ్రీన్ కార్డు అని మెట్టు మెట్టూ ఎక్కాడు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏటా సుమారు లక్షా నలభై వేలు, అందులో ఏ దేశంలో పుట్టినవాళ్ళకైనా ఏడు శాతానికి మించకూడదని అక్కడి చట్టం. అంచేత మనవాళ్ళ క్యూ ఏళ్ళ తరబడి కదలదు. మా వాడు ముందు తరంవాడు గనక బయటపడ్డాడు, సిటిజన్ కూడా అయ్యాడు. వాడి తర్వాత వెళ్ళిన మా తమ్ముడి కొడుకు ఇంకా ప్రతి నెలా వీసా బులెటిన్‌ని పంచాంగం చూసినట్టు చూస్తున్నాడు.

సిటిజన్ అయిన కొడుకు తల్లిదండ్రుల్ని పిలిపించుకుంటానంటే మాత్రం కోటా లేదు, క్యూ లేదు. రేషను దగ్గర్నుంచి గ్యాసు దాకా అన్నిటికీ క్యూలో నిలబడ్డ నాకు, క్యూ లేకుండా ఇస్తామంటున్నది ఇదొక్కటే. అందుకే అనుమానం.

వాడు ప్రతి ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తాడు. ఫోన్ని స్టీలు చెంబుకి ఆనించి ఇద్దరం ఎదురుగా కూచుంటాం. "ఏం తేల్చారు నాన్నా?" అంటాడు. "పరిశీలనలో ఉందిరా," అంటాను. మమ్మల్ని పోషిస్తానని వాడు అమెరికా ప్రభుత్వానికి అఫిడవిట్ రాసివ్వాలట. డెబ్భై ఏళ్ళు దాటిన తండ్రిని పోషిస్తానని కొడుకు కాగితం రాసిస్తే అది కోర్టులో చెల్లుతుందట. ఈ దేశంలో ఏ తండ్రికీ అలాంటి కాగితం ముందుగా చేతికి రాలేదు. ఇది ఎడంపక్క రాశాను, ఎర్ర సిరాతో.

చిక్కు నా కాగితాల దగ్గర వచ్చింది. నేను పుట్టినట్టు ఋజువు కావాలట. రిటైరైన దగ్గర్నుంచి ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి, బతికే ఉన్నానని ట్రెజరీని నమ్మిస్తూ వస్తున్నాను. కానీ పుట్టానని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నా పుట్టినరోజు జులై 1. అది మా అమ్మ చెప్పింది కాదు, బళ్ళో వేసేటప్పుడు మాస్టారు వేసింది. మా క్లాసులో సగంమంది జులై ఒకటినే పుట్టాం. ఆయన 1955 అని వేశారు, నేను 58 నిండి 2013 జూన్ 30న దిగిపోయాను. మరుసటి ఏడాది జూన్‌లో రిటైర్మెంటు వయసు 60 చేశారు. ఆ మహానుభావుడు ఇంకొక్క ఏడు తగ్గించి వేసి ఉంటే మూడేళ్ళ జీతం కలిసొచ్చేది. ఇది అమెరికాకి సంబంధించిన విషయం కాదని మా ఆవిడ అంటుంది. నేను ఎక్కడ ఏ కాగితం రాసినా ఈ సంగతి రాయకుండా వదలను.

పుట్టిన రికార్డు లేనివాళ్ళు, లేదని ఒక సర్టిఫికెట్ తేవాలి. దాంతోపాటు, నేను పుట్టడం తెలిసిన పెద్దలు అఫిడవిట్ ఇవ్వాలి. ఇద్దరైతే మంచిదట. ఈ వయసులో నాకంటే పెద్దవాళ్ళని, అందులోనూ జ్ఞాపకం ఉన్నవాళ్ళని ఎక్కడినుంచి తేను? వెతగ్గా మా మేనత్త ఒక్కతే దొరికింది. ఎనభై తొమ్మిదేళ్ళు. వెళ్ళి అడిగాను. "నువ్వు పుట్టిన్నాడు వానరా. గొడ్లపాక కారిపోయింది. తేదీ ఎవరికి గుర్తు, ఆ గేదె పేరు కావాలంటే చెబుతా," అంది. గేదె పేరు రాయడానికి ఫారంలో గడి లేదు.

మా ఆవిడ వెళ్ళే పక్షం. వాదనలో ఆవిడ ఎప్పుడూ చరిత్ర తీస్తుంది. "మా తాతగారు కాకినాడ నుంచి ఓడెక్కి రంగూన్ పోలేదా? అప్పట్లో అక్కడ మనవాళ్ళని కొరంగీలనేవారు, కోరంగి రేవునుంచి వచ్చారని. అంతమంది పోలేదా?" అంటుంది. నిజమే, పోయారు. 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులేస్తే ఆయన మరుసటి ఏడాది అడవులు పడి నడిచి నడిచి వచ్చాడు. ఆయన పాదాలు చివరిదాకా మామూలు కాలేదని మా మావగారే చెప్పేవారు. ఇదే సంగతిని ఆవిడ ఎడంపక్క రాయమంటుంది, నేను కుడిపక్క రాస్తానంటాను.

ఇంత తీరిగ్గా గీతలు కొట్టుకోవడం కూడా ఒక వైభోగమే. మా వీధి చివర తాపీమేస్త్రి కొడుకు కువైట్ వెళ్ళాడు. జగిత్యాల, నిజామాబాదు, కడప, కోనసీమ పల్లెల్లో ఇంటికొకరు అలా వెళ్ళినవాళ్ళే. వాళ్ళ పుస్తకంలో రెండు పక్కలుండవు, ఏజెంటుకివ్వడానికి చేసిన అప్పు ఒక్కటే ఉంటుంది. ఈ ముక్క రాసుకున్న రోజు నాకు నా డైరీ మీద కాస్త సిగ్గేసింది. మర్నాటికి సర్దుకుంది.

కుడిపక్క పద్దులకి వద్దాం. గ్రీన్ కార్డు వచ్చాక ఏడాది దాటి బయట ఉంటే అది పోయినట్టే. ముందుగా రీఎంట్రీ పర్మిట్ తీసుకుంటే రెండేళ్ళు. ఆరునెలలు దాటినా విమానాశ్రయంలో ఆఫీసరు, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని నిలదీయొచ్చు. అంటే నా ఇంటికి నేను వచ్చి ఎన్నాళ్ళున్నానో పరాయివాడికి లెక్క చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ పుట్టింట్లో ఉన్న రోజులు లెక్కబెట్టిన మా అమ్మ జ్ఞాపకం వచ్చింది. ఇకపోతే వైద్యం. అరవై అయిదు దాటినా సరే, వరసగా అయిదేళ్ళు అక్కడ కాపురం ఉంటేనే ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరే అర్హత. ఇక్కడ మా వీధి మెడికల్ షాపు కుర్రాడు నన్ను చూడగానే బీపీ బిళ్ళల అట్ట తీసి, అడక్కుండానే కత్తెరతో పదింటికి కత్తిరిస్తాడు. ఆ కత్తెర చప్పుడుకే నాకు సగం బీపీ దిగుతుంది.

ఇంకొకటి: ఎన్నారై అయినవాడు ఉన్న పొలం ఉంచుకోవచ్చుగానీ కొత్తగా సాగుభూమి కొనకూడదు. నేను పుట్టి బుద్ధెరిగాక సెంటు పొలం కొన్నది లేదు, ఇక కొనబోయేదీ లేదు. అయినా కొనే హక్కు పోతుందని చదివినప్పుడు గుండె కలుక్కుమంది. పద్దు బరువుని బట్టి మార్కులు వేస్తున్నాను కనుక దీనికి రెండు వేశాను.

అసలు అక్కడ ఎలా ఉంటుందో తెలియక మాట్లాడుతున్నానని అనుకోకండి. 2019లో విజిటర్ వీసా మీద వెళ్ళి డాలస్ శివార్లలో అయిదు నెలలున్నాం. ఇరవై మూడు కిలోల చొప్పున నాలుగు పెట్టెలు. చేతితూకానికి తగిలించి లేపితే ఒకదానిలో ఆరువందల గ్రాములు ఎక్కువొచ్చింది. ఆవకాయ తియ్యాలా, నా చొక్కాలు తియ్యాలా అన్న ప్రశ్న వచ్చింది. అయిదు నెలలూ మూడు చొక్కాలతో గడిపాను.

రోడ్లు అద్దంలా ఉన్నాయి. వాటి మీద మనుషులు లేరు. సాయంత్రం నడకకి పోతే కుక్కలు యజమానుల్ని నడిపించుకుంటూ కనబడేవి. పార్కు బెంచీ దగ్గర మాత్రం నాలాంటివాళ్ళు నలుగురు. బాపట్లాయన ఒకరు, వరంగల్లాయన ఒకరు. పేరు అడిగేవాళ్ళు కాదు. "తమరికి ఎన్నాళ్ళు పడింది?" "ఆరునెలలండీ." "నాకూ ఆరే. రెండు అయిపోయాయి." రాజమండ్రి సెంట్రల్ జైల్లో కూడా పలకరింపు ఇలాగే ఉంటుందనుకుంటాను.

ఎండ మాత్రం అచ్చంగా మనదే. జులైలో టెక్సస్ ఎండ చూసి మా ఆవిడ ఆగలేకపోయింది. ఇండియన్ స్టోరులో బూడిదగుమ్మడికాయ దొరికింది. కోడలు, "అత్తయ్యగారూ, ఇక్కడ బయట ఆరబెట్టనివ్వరేమో," అంటూనే ఉంది. ఆవిడ వినలేదు. నా పాత పంచె తడిపి, గరాజు ముందు సిమెంటు మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, నూట ముప్పై వడియాలు పెట్టింది. నేను కుర్చీ వేసుకుని కాపలా కూచున్నాను. ఉడుతలొచ్చాయి, అదిలించాను. మర్నాడు నాలుగిళ్ళ అవతలావిడ ఒకరు కారాపి, చూసి, నవ్వి వెళ్ళింది. నేనూ నవ్వాను. వారం తిరక్కుండా ఆ కాలనీ సంఘం నుంచి ఉత్తరం. వీధికి కనబడేలా అభ్యంతరకరమైన పదార్థాలు ఆరబెట్టారనీ, మళ్ళీ జరిగితే జరిమానా అనీ. ఫోటో కూడా జతపరిచారు. ఫోటోలో వడియాలు చక్కగా వచ్చాయి, కుర్చీలో నేను కూడా.

బతుకంతా అర్జీలు పెట్టినవాణ్ణి. నా మీదే అర్జీ! అదీ ఒక్క కాగితంతో, ఒక్క వారంలో పని జరిగిపోయింది. ఇక్కడ కోతి వడియాలు పంచెతో సహా ఎత్తుకుపోతుందిగానీ ఉత్తరం రాయదు.

ఆ తర్వాత రెండు నెలలూ నేనూ ఆ కాలనీ మీద ఏదైనా రాద్దామని కాగితం, కలం పెట్టుకుని తిరిగాను. కుళాయి కారదు. కరెంటు పోదు. చెత్తబండి చెప్పిన రోజున చెప్పిన వేళకి వస్తుంది. మాట కలపడానికి పక్కింటివాడు లేడు, మాట అనడానికి మునిసిపాలిటీ లేదు. అన్నం అరిగేది కాదు. అక్కడి వాతావరణం పడలేదని మా అబ్బాయి అనుకున్నాడు.

నెల క్రితం డైరీ తెరిస్తే ఎడంపక్క అడుగున నాది కాని చేతిరాత కనబడింది. పెన్సిలుతో, 'పిల్లకి పాలపళ్ళు ఊడుతున్నాయి' అని. మనవరాలికి ఏడో ఏడు. ఆదివారాలు ఫోన్లో "తాతా" అని తెలుగులో పిలిచి, మిగతాదంతా ఇంగ్లీషులో మాట్లాడుతుంది. మొన్న నోరు తెరిచి ఖాళీలు చూపించింది, తెర మీద సరిగ్గా అగుపడలేదు. ఇది పరిశీలనాంశం కాదని కొట్టేద్దామని కలం తీశాను. కొట్టలేదు. మార్కులూ వేయలేదు. ఆ పేజీ మడిచి పెట్టాను.

మొన్న ఆదివారం నా పుట్టుక అఫిడవిట్ డ్రాఫ్టు మా వాడే పంపాడు. మేనత్త వేలిముద్ర వేస్తానంది. నేను నోటరీ దగ్గర సంతకం పెట్టడమే తరువాయి. మంగళవారం వెళ్దామని ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి రాగానే, వీధిలో నలుగురు మనుషులు, రెండు పారలు, ఒక తోపుడుబండి. కాలువ పూడిక తీస్తున్నారు. నేను గేటు పట్టుకుని పదిన్నర దాకా అలాగే నిలబడ్డాను. కొబ్బరిబోండాం వచ్చింది. చెప్పు వచ్చింది. నీళ్ళు కూడా కదిలాయి. తీసిందంతా మా గేటుకి అడ్డంగా పోశారు. ఎప్పుడు ఎత్తుకెళ్తారయ్యా అంటే, "అది మా సెక్షన్ కాదండీ, వేరేవాళ్ళు రావాలి," అని బండి తోసుకుపోయారు.

నాలుగు రోజులైంది, వేరేవాళ్ళు రాలేదు. గుట్ట మీద చెప్పు అలాగే ఉంది. పన్నెండో అర్జీ నిన్న రాత్రే రాశాను, సోమవారం ఇవ్వాలి. సంతకం వచ్చే వారం పెడతానని మా వాడికి చెప్పాను.