ముందు సూది, తర్వాతే ఓడ

గల్ఫ్ మెడికల్ పాసయ్యామని పూతరేకులు పంచుతున్నారు ఈ కాలం కుర్రాళ్లు. పాసయితే అయ్యావుగానీ నాయనా, ఆ పరీక్ష ఎవరి కోసమో ఆలోచించావా? క్షయ ఉందేమోనని ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్ ఉన్నాయేమోనని నెత్తురు తీస్తారు. అదంతా నీనుంచి అక్కడివాళ్లకేదీ అంటకుండా. నీకేదీ అంటకుండా ఎవరు చూస్తారు? వాళ్లు చూడరు, నువ్వూ చూసుకోవు.

మా రోజుల్లో అలా కుదిరేది కాదు. డెబ్బైల మొదట్లో మా చినమావయ్య కువైట్ వెళ్లాడు. బొంబాయిలో ఓడెక్కాలంటే టీకాల పసుప్పచ్చ పుస్తకం చేతిలో ఉండాల్సిందే. మశూచి టీకా మూడేళ్లు చెల్లేది, కలరా సూది ఆర్నెల్లే. నర్సాపురంలో సూది పొడిపించుకుని, పంటు మీద గోదారి దాటి సఖినేటిపల్లి రేవులో దిగేసరికి జబ్బ బూరెలా పొంగింది. అత్తయ్య ఉప్పుకాపడం పెడుతూనే ఉంది, ఆయన రాత్రంతా మూలుగుతూనే ఉన్నాడు. తెల్లారి లేచి మొదట చూసుకున్నది మాత్రం పుస్తకంలో ముద్ర సరిగ్గా పడిందా లేదా అని! దారికి మరచెంబు నిండా కాచి చల్లార్చిన నీళ్లు. అవి అయిపోతే స్టేషన్లో టీ తాగాడుగానీ కుళాయి నీళ్లు ముట్టలేదట.

మశూచి కూడా మీ రోజుల్లోదేగా తాతా అంటావు. అవునురా, ఉండేది. మొహం నిండా ఆ గుంటలతో మా ఈడువాళ్లే ఉండేవారు. అవి చూశాం గనకే సూదికి చెయ్యి చాపాం. 1975లో మన దేశంలో ఆఖరి కేసు, 1980కి లోకంలోనే లేదన్నారు. పోగొట్టింది ఆ టీకాయే.

ఇప్పుడేముంది, ఇవాళ వీసా, రేపు విమానం. సూట్‌కేసులో ఆవకాయకి చోటుంటుంది, డాక్టరు దగ్గరికెళ్లడానికే టైముండదు. టైఫాయిడ్ టీకా బయల్దేరడానికి రెండు వారాల ముందే పడాలంటే నవ్వుతారు. సీసా నీళ్లు కొనుక్కుని, పక్కనే జ్యూసులో ఐసు వేయించుకుంటారు. ఆ ఐసు ఏ నీళ్లదో! ఆఫ్రికా వెళ్లేవాళ్లు మరీనూ. ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే వేయించుకోవాలి. 2016 నుంచి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, అయినా బద్ధకమే. మలేరియా మాత్రలు ఇంటికొచ్చాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు మింగాలి. విమానం దిగిన రోజే మూలన పడేస్తారు. బోదకాళ్లు చూస్తూ పెరిగిన కోనసీమవాళ్లం, దోమంటే ఏంటో మాకు తెలుసు.

ఎడారిలో ఒంటెలు కాసే కుర్రాళ్లని తలుచుకుంటే నాకు నిద్రపట్టదు. సేఠ్ ఇచ్చాడు కదాని పచ్చిపాలు తాగేస్తారట! 2012లో సౌదీలో బయటపడిన మెర్స్ ఒంటెల నుంచే మనుషులకి అంటుతుంది. పచ్చిపాలతో బ్రూసెల్లా జ్వరం కూడా వస్తుంది, నెలల తరబడి వదలదు. మనింట్లో గేదెపాలు కాచకుండా ఎవరైనా తాగారా? పొంగొచ్చేదాకా మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి కదిలేది కాదు.

సెలవుకొచ్చాక జ్వరం తగిలితే, ఏ దేశంలో ఉండొచ్చావో డాక్టరుకి ముందు అదే చెప్పు. మామూలు జ్వరమేలే అని మాత్రలు కొనుక్కోకు. ఇక కామెర్ల టీకా, అదే హెపటైటిస్ బి. మొదటిది పడ్డాక నెలకి రెండోది, ఆర్నెల్లకి మూడోది. చిన్నప్పుడు వేయించారో లేదో మీ అమ్మనడుగు. లేదంటే రేపు పొద్దున్నే అమలాపురం బస్సెక్కు, వీసా వచ్చేలోపు రెండైనా పడతాయి.