గీత గీయడానికి పుట్టినదాన్ని

నేను మీటరు పొడవున్న టేకు బద్దని. ఒక అంచున సెంటీమీటర్లు, రెండో అంచున అంగుళాలు చెక్కి ఉంటాయి. నల్లబల్ల మీద వాడే పెద్ద వృత్తలేఖిని, కోణమానిని, రెండు మూలమట్టాలు, నేను ఒకే పెట్టెలో గుంటూరు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్తు హైస్కూలుకి వచ్చాం. లెక్కల మాస్టారు పెట్టె తెరిచి, మిగతావాటిని ఉన్నచోటే ఉంచి, నన్ను బయటికి తీశారు. గాలిలో ఒకసారి ఆడించి చూసుకున్నారు. వృత్తలేఖినికి ఏడాదికి ఏ రెండు మూడుసార్లో పని పడేది. నాకు రోజూ పనే. కొన్నాళ్ళకు పిల్లలు నన్ను స్కేలు అనడం మానేసి కర్ర అన్నారు.

మాస్టారి గురించి ముందే చెప్పాలి. ఆయన దుర్మార్గుడు కాదు. పదో తరగతి పిల్లలకు తెల్లారకముందే వచ్చి పాఠం చెప్పేవారు, అందుకు పైసా తీసుకునేవారు కాదు. పరీక్ష ఫీజు కట్టలేనివాళ్ళకు తన జేబులోంచి కట్టేవారు. మిరప కోతలప్పుడు బడి సగం ఖాళీ అయితే సైకిలేసుకుని చేలగట్ల వెంట తిరిగి, తల్లులతో పోట్లాడి, పిల్లల్ని వెనకాల ఎక్కించుకుని తెచ్చేవారు. అలా తెచ్చిన పిల్లవాడే మర్నాడు లెక్క తప్పితే, వాడి వేళ్ళ కణుపుల మీద నన్ను దించేవారు. నేను చూసిన దెబ్బల్లో చాలామటుకు పిల్లల మేలు కోరిన చేతులు వేసినవే. కొట్టినవాణ్ణి చెడ్డవాడని కొట్టిపారేస్తే, మంచి మాస్టారు కొడితే తప్పులేదన్న మాట మిగిలిపోతుంది. నేను ఒప్పుకోలేనిది సరిగ్గా ఆ మాటనే.

దెబ్బ ఏం చేస్తుందో దగ్గర నుంచి చూశాను. మాస్టారు నన్ను బల్లమీద పెట్టి పాఠం మొదలుపెడితే, పిల్లల కళ్ళు నల్లబల్ల మీద ఉండేవి కావు, నా మీద ఉండేవి. నేను కదిలితే కదిలేవి. లెక్క ఎక్కడిదాకా వచ్చిందో ఎవరికీ తెలియదు కానీ, కర్ర ఏ బెంచీ దాకా వచ్చిందో అందరికీ తెలుసు. తలకు రాసుకున్న నూనె అరచేతులకు పులుముకుంటే దెబ్బ జారిపోతుందని వాళ్ళలో వాళ్ళకొక నమ్మకం. గంట కొట్టకముందే చేతులు జిడ్డుగా సిద్ధమయ్యేవి. కుడిచేయి చాపమంటే ఎడమచేయి చాపేవాళ్ళు, ఎందుకంటే తర్వాతి పీరియడ్‌లో రాయాల్సింది కుడిచేత్తోనే. కణుపులు వాచిన రోజున పిల్లవాడు కలాన్ని బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య ఇరికించుకుని రాసేవాడు. లెక్కలు రావాలని కొట్టిన దెబ్బ, లెక్క చేసే చేతినే పనికి రాకుండా చేసేది.

"అర్థమైందా?" అని మాస్టారు అడిగితే "అర్థమైంది సార్" అని తరగతంతా ఒకే గొంతుతో అనేది. భయం నేర్పిన మొదటి పాఠం అది. అర్థం కాలేదన్నవాడికి దెబ్బ పడుతుంది, అర్థమైందన్నవాడికి పడదు. ఇంకెవరు నిజం చెబుతారు? పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో తెలిస్తేనే గదా మాస్టారు అక్కడి నుంచి చెయ్యి పట్టి నడిపించేది. ఆ చోటును దాచిపెట్టడమే పిల్లలకు అలవాటైతే, ఎంత గొప్ప మాస్టారైనా చీకట్లో పాఠం చెబుతున్నట్టే.

ఒకసారి మూడో బెంచీ కుర్రాడొకడు దాచలేదు. పైథాగరస్ సిద్ధాంతం చెబుతున్నారు. "సార్, రెండు చిన్న చతురస్రాలు కలిపితే పెద్ద చతురస్రానికి సరిగ్గా సమానం ఎందుకవుతుంది?" అని అడిగాడు. సిలబస్ వెనకబడి ఉంది, ఇన్‌స్పెక్షన్ దగ్గరపడింది, మాస్టారికి ఆ ప్రశ్న పొగరుగా వినిపించింది. ఆ రోజు పడ్డ దెబ్బలకు నా అంచు కొంచెం లేచింది. ఆ కుర్రాడు ఆ తర్వాత ప్రశ్న అడగలేదు. మిరప కోతలకు వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఈసారి మాస్టారు సైకిలేసుకుని వెళ్ళినా రాలేదు.

2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధిస్తూ జీవో ఇచ్చింది. స్టాఫ్‌రూములో చదివారు, అందరూ సంతకాలు పెట్టారు. నన్ను కొన్నాళ్ళు బీరువా పైన పెట్టి, మళ్ళీ దించారు. తర్వాత 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం 17వ సెక్షన్లో శరీరాన్ని శిక్షించడాన్నే కాదు, మనసును వేధించడాన్ని కూడా నిషేధించింది. చట్టం వస్తున్న ఆ ఏడాదిలోనే జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లల్ని అడిగింది. బడిలో ఏదో ఒక శిక్ష అనుభవించామన్నవాళ్ళు 6,623 మంది. ఏ శిక్షా పడలేదన్నవాళ్ళు తొమ్మిదిమందే. ఆ వార్త స్టాఫ్‌రూములో గట్టిగా చదివినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఆ రోజుల్లోనే ఒక కొత్త లెక్కల టీచరుగారు బదిలీ మీద వచ్చారు. ఆమె గొంతు పెంచగా నేను వినలేదు, కానీ తప్పును తప్పని చెప్పకుండా వదిలేయగా కూడా చూడలేదు. నిరూపణలో ఒక మెట్టు ఎగిరిపోతే మొత్తం మళ్ళీ రాయించేవారు. గంట కొట్టినా కదలనిచ్చేవారు కాదు, తానూ కదిలేవారు కాదు. పిల్లలు ఆమెను కఠినం అనేవాళ్ళు. ఆ కఠినమంతా లెక్క మీద ఉండేది, పిల్లవాడి మీద ఉండేది కాదు. నాతో ఆమె గీతలు గీసేవారు. నాకు తెలిసిన పని అదే కాబట్టి ఈ మాటలో నా పక్షపాతం కొంత ఉందేమో, ఉండనివ్వండి.

మాస్టారికీ ఆమెకూ ఒకనాడు స్టాఫ్‌రూములో మాట వచ్చింది.

"చూడమ్మా, నా సర్వీసంతా చూసి చెబుతున్నాను. బాగా చేశావురా అని మెచ్చుకున్నవాడు తర్వాతి పరీక్షలో కిందికి జారతాడు. నాలుగు తగిలించినవాడు పైకొస్తాడు. ఇది పుస్తకాల్లో చదివింది కాదు, మార్కుల రిజిస్టరు చూసి చెబుతున్నా."

"రిజిస్టరు నిజమే చెబుతోంది మాస్టారూ. కారణం మాత్రం వేరు. ఒక్క పది నిమిషాలు తరగతి గదిలోకి రండి, అందరూ రండి" అన్నారామె.

గచ్చు మీద సుద్దతో చిన్న గుండ్రం గీశారు. ఒక్కొక్కరినీ దానికి వీపు పెట్టి నిలబడమన్నారు. చూడకుండా వెనక్కి రెండు సుద్దముక్కలు, ఒకదాని తర్వాత ఒకటి, గుండ్రంలో పడేలా వేయాలి. దూరం కొలిచే పని నాది. పీఈటీ సారు మొదటి ముక్క తొంభై సెంటీమీటర్ల అవతల పడింది, రెండోది ముప్పై అయిదులో. తెలుగు పండితుల వారి మొదటిది ఎనిమిదిలో పడి అందరూ చప్పట్లు కొట్టారు, రెండోది అరవై దాటింది. ఇలా అందరివీ కొలిచి బోర్డు మీద రాశారు. మొదట బాగా దూరం వేసినవాళ్ళలో దాదాపు అందరూ రెండోసారి దగ్గరికొచ్చారు. మొదట దగ్గరగా వేసినవాళ్ళలో చాలామంది దూరం పోయారు.

"పీఈటీ సారును ఎవరైనా కొట్టామా? ఎందుకు మెరుగయ్యారు?" అని అడిగారు టీచరుగారు.

ఆ ఆట ఆమె సొంతం కాదు. తర్వాత నోబెల్ బహుమతి అందుకున్న డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకు పాఠం చెబుతుండగా, ఒక సీనియర్ శిక్షకుడు లేచి అచ్చం మన మాస్టారి మాటే అన్నాడట. మెచ్చుకుంటే చెడిపోతున్నారు, తిడితే బాగుపడుతున్నారు అని. కానెమన్ అప్పటికప్పుడు నేలమీద గురి గీసి, వాళ్ళచేత వెనక్కి నాణేలు వేయించి, దూరాలు కొలిపించాడు.

ఆమె విడమరిచి చెప్పారు. ఒక పరీక్షలో వచ్చిన మార్కులో పిల్లవాడికి వచ్చిన చదువూ ఉంటుంది, ఆ రోజు తీరూ ఉంటుంది. జ్వరం, నిద్రలేమి, ఇంట్లో గొడవ, చదవని పాఠంలోంచి పడ్డ ప్రశ్న. మరీ తక్కువ వచ్చిందంటే చదువు తక్కువై ఉండొచ్చు, దానికి తోడు ఆ రోజు కూడా బాగాలేదన్నమాట. అంత పాడు రోజు వెంటనే మళ్ళీ రావడం అరుదు కాబట్టి, ఏమీ చేయకపోయినా తర్వాతి మార్కు కొంచెం పైకే వస్తుంది. మాస్టారు కొట్టేది ఎప్పుడు? పాడు రోజున. మెచ్చుకునేది ఎప్పుడు? మంచి రోజున. అందుకని కొట్టిన ప్రతిసారీ కర్ర గెలిచినట్టు, మెచ్చుకున్న ప్రతిసారీ మాట ఓడినట్టు కనిపిస్తూ ఉంటుంది. తరతరాల గురువులు కళ్ళారా చూశాం అన్నది ఇదే. చూసింది అబద్ధం కాదు. కర్రకు కట్టిన ఘనత అబద్ధం.

మాస్టారు ఏమీ అనకుండా బోర్డు మీది అంకెలు చాలాసేపు చూశారు. ఆ రోజే మారిపోయారని చెప్పను. కానీ అప్పటి నుంచి రిటైరయ్యేదాకా నన్ను ఎత్తే ముందు ఆగేవారు. ఆగిన సార్లలో చాలాసార్లు దించేసేవారు.

అప్పుడే తెలుగు పండితుల వారు ఇంకో సంగతి తేల్చారు. కొట్టడాన్ని సమర్థించేవాళ్ళంతా దండానికి పది గుణాలున్నాయన్న సంస్కృత శ్లోకాన్ని ముందుకు తెస్తారు. శ్లోకంలో ఆఖరి ముక్కే అందరికీ వచ్చు. ఆయన మొత్తం విప్పి చెప్పారు. పక్షుల్ని తోలడానికి, కుక్కల్ని అదిలించడానికి, శత్రువు మీదికి, పాము మీదికి, పశువుల్ని మళ్ళించడానికి, బురదలో ఊతకు, నీళ్ళలో లోతు చూడటానికి, గుడ్డివాడికి తోడుగా, చీకట్లో, ముసలితనంలో. పది అయిపోయాయి. అందులో శిష్యుడు లేడు.

పీఈటీ సారుకు ఆటల సంగతులు బాగా తెలుసు. గ్రౌండులో తిట్టనిదే పతకం రాదనేవాళ్ళకు ఆయన జపాన్ సంగతి చెప్పేవారు. అక్కడి మహిళా జూడో జట్టులో 15 మంది, తమ కోచ్ చెంపదెబ్బలు కొడుతున్నాడని, వెదురు కత్తితో కొడుతున్నాడని ఫిర్యాదు చేశారు. 2013 జనవరిలో ఆయన రాజీనామా ప్రకటించాడు. దెబ్బలు తిన్న ఆ జట్టు 2012 లండన్ ఒలింపిక్స్‌లో తెచ్చింది ఒక్క స్వర్ణం. 2021లో టోక్యోలో జపాన్ మహిళలు జూడోలో నాలుగు గెలిచారు. సొంతగడ్డ బలం కొంత ఉండొచ్చు. కొట్టేవాడు పోతే ఆట పోతుందన్న మాట మాత్రం నిలవదు.

కొన్నేళ్ళ కిందట పూర్వవిద్యార్థుల సమ్మేళనం జరిగింది. మాస్టారికి శాలువా కప్పారు. ఒకాయన మైకు పట్టుకుని, "ఆ రోజు సార్ కొట్టిన దెబ్బలే నన్ను ఇంజనీరును చేశాయి" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మాస్టారు మీద ఆయన గౌరవం నిజమైనది, దాన్ని నేను శంకించను. కానీ ఆయన్ను ఇంజనీరును చేసింది తెల్లారకముందు చెప్పిన పాఠాలు, జేబులోంచి కట్టిన ఫీజు. అదీగాక, ఆ సమ్మేళనానికి పిలుపు వెళ్ళింది పదో తరగతి రాసినవాళ్ళ వాట్సాప్ గ్రూపుకి. దెబ్బలు తట్టుకుని నిలిచినవాళ్ళే అందులో ఉన్నారు. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళకు మైకు ఎవరిస్తారు?

ఆ మూడో బెంచీ కుర్రాడు ఒక రోజు బడికొచ్చాడు, అదనపు తరగతి గది కట్టే మేస్త్రీగా. పునాది మూల తీయడానికి పురికొస మీద మూడడుగులు, నాలుగడుగులు, అయిదడుగులు కొలిచి బిగించాడు. మూల ఖచ్చితంగా కుదిరింది. అటుగా వెళుతున్న టీచరుగారిని ఆపి, "ఇలా ఎందుకు కుదురుద్ది టీచర్?" అని అడిగాడు. అన్నేళ్ళూ ఆ ప్రశ్న అతనితోనే ఉంది. ఆమె అతణ్ణి లోపలికి పిలిచి, నాతో బోర్డు మీద 30, 40, 50 సెంటీమీటర్ల భుజాలతో త్రిభుజం గీసి, ఒక్కొక్క భుజం మీద చతురస్రం కట్టి, గళ్ళు లెక్కపెట్టించారు. తొమ్మిది, పదహారు, ఇరవై అయిదు. ఆ పైన ఏ లంబకోణ త్రిభుజానికైనా అది నిలుస్తుందని నిరూపణ చేసి చూపించారు. అరగంట పట్టింది. బళ్ళో ఉన్న రోజుల్లో అడిగిననాడే ఆ అరగంట ఇచ్చి ఉంటే అతను ఏమయ్యేవాడో నేను చెప్పలేను. మేస్త్రీ పని తక్కువదేం కాదు. కానీ ఏమవ్వాలో ఎంచుకునే వీలును అతని నుంచి లాక్కున్న దెబ్బల్ని ఏ ఫలితమూ సమర్థించలేదు.

ఇప్పుడు నన్ను ఎత్తేవాళ్ళు తగ్గారు. నా పని మాటలకు అప్పగించారు. మార్కులు తగ్గితే సెక్షను మార్చడం, నలుగురిలో నిలబెట్టి "నీ మొహానికి చదువెందుకు" అనడం, తల్లిదండ్రుల ముందే తీసిపారేయడం. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకే. ఇంటర్ చదివేవాళ్ళు, కోచింగుకు వెళ్ళేవాళ్ళు ఆ వయసు దాటిపోయారు. విశాఖపట్నంలో కోచింగు తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టొద్దని, నలుగురిలో అవమానించొద్దని, మోయలేని లక్ష్యాలు పెట్టొద్దని చెప్పింది. కాగితాలు బాగానే ఉన్నాయి. జీవో కింద సంతకాలు పెట్టి నన్ను బీరువా మీద నుంచి మళ్ళీ దించడం నేను చూశాను కాబట్టి, కాగితంతో ఆగుతుందని నమ్మలేను.

ఆపగలిగింది తల్లిదండ్రులైన మీరే. బళ్ళో చేర్చే రోజున "తోలు తీసినా సరే, కళ్ళు మాత్రం వదిలెయ్యండి సార్" అని మీరే మాస్టారి చేతికి అనుమతి ఇస్తున్నారు. ఈసారి ఆ మాట అనకండి. మార్కుల కాగితం పట్టుకుని వెళ్ళినప్పుడు ఎందుకు తగ్గాయని నిలదీయకుండా, మా పిల్లవాడికి ఎక్కడ అర్థం కావడం లేదో చెప్పండి అని అడగండి. చెప్పలేని మాస్టారికి ఎన్ని ర్యాంకులున్నా మీ బిడ్డను అప్పగించకండి.