నామసంజీవని: ఒక అంబాసిడర్ డిక్కీకి టీకా తాత్పర్యం

మూలము

పాత కారు పేరు పాలిపోయినవేళ
చింతపండు రుద్ద సిరియు రాదు;
గుంట నిండ రంగు కుంచెతో నింపి, యా
గట్టు తుడువ నదియె గళము విప్పు.

అవతారిక

మూలకర్త గురించి నాలుగు మంచిమాటలు చెప్పడం వ్యాఖ్యాత ధర్మం. ఈ పద్యానికి కర్తా, టీకాకారుడూ ఒకరే గనుక ఆ మంచిమాటలకు కొదవ ఉండదని పాఠకులు గ్రహింతురు గాక. ఛందస్సు ఆటవెలది. రసం అద్భుతం. ఉద్దీపన విభావం టిన్నరు వాసన.

టీక గ్రాంథికంలో సాగడం ఆచారం. అయితే వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఈ శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలోనే. ఆయన గడ్డమీద కూర్చుని గ్రాంథికం దంచితే బాగుండదు. కాబట్టి 'అని భావము' లాంటి అలంకారాలు తప్ప తక్కినదంతా వ్యావహారికమే.

ఇక వస్తువు. అంబాసిడర్ కారు డిక్కీ మూత మీది పేరు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో 1950ల చివర పుట్టి, 2014 మే నెలలో ఆగిపోయిన కారు అది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ దానికి మాతృక. మన జిల్లాల్లో అది మొదట ఆఫీసర్ల కారు, తర్వాత టాక్సీ, చివరికి బంతిపూల దండలు కట్టుకున్న పెళ్లికారు. నెత్తిమీద ఎర్రదీపం ఉన్న రోజుల్లో దాన్ని బుగ్గ కారు అనేవారు. 2017 మే 1 నుంచి మంత్రులకూ అధికారులకూ ఆ బుగ్గ లేకుండా పోయింది. ఆ ఏడాదే హిందుస్థాన్ మోటార్స్ 'అంబాసిడర్' అనే పేరును ఫ్రాన్సుకు చెందిన పెజో కంపెనీకి 80 కోట్ల రూపాయలకు అమ్మేసింది. అమ్మింది కారును కాదు, ఫ్యాక్టరీని కాదు, పేరును. ఇంగ్లీషు లిపిలో ఆ పేరుకు పది అక్షరాలు. మన డిక్కీ మీద వాటిలో రెండు చదవడానికి వీల్లేకుండా ఉన్నాయి. అంటే గృహస్థుకు వాటిల్లిన నష్టం 16 కోట్లు అని అర్థాపత్తి ప్రమాణం చేత సిద్ధిస్తున్నది.

ప్రతిపదార్థము

పాత = రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్లు నిండి, ఆపైన అయిదేళ్లకోసారి రవాణా శాఖ వారి ముందు నిలబడి తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవలసిన; కారు = వాహనము యొక్క; పేరు = ఎంబ్లెము; పాలిపోయినవేళ = మెరుపు తగ్గి, తెల్లపొక్కులు లేచి, రంగు రాలినప్పుడు; చింతపండు రుద్దన్ = ఇంట్లోవాళ్ల సలహా పాటింపగా; సిరియు = కాంతియు; రాదు = రాకపోగా ఉన్నది పోవును; గుంట నిండన్ = పల్లము నిండునట్లు; రంగు = ఎనామిల్ పెయింటును; కుంచెతో నింపి = సన్నని బ్రష్షుతో పోసి; ఆ గట్టు = మెరవవలసిన ఎత్తుభాగమును; తుడువన్ = తుడువగా; అదియె = ఆ పేరే; గళము విప్పు = చదివించుకొనును.

ఇక్కడ 'తుడువన్ + అదియె' అని పదచ్ఛేదం. దీన్ని 'నదియె' అని విరిచి, గళం విప్పేది నాగావళి అని శ్రీకాకుళం పండితులు, కాదు చంపావతి అని విజయనగరం పండితులు వాదించుకునే ప్రమాదం ఉంది. డిక్కీ దాకా నీళ్లు వచ్చిన సంవత్సరాల్లో తప్ప ఆ అర్థం గ్రాహ్యం కాదు.

టీక

'పాలిపోయినవేళ': ఎందుకు పాలిపోయింది? ఆ కాలపు ఎంబ్లెములు చాలావరకు జింకు మిశ్రమాన్ని అచ్చులో పోసి తీసినవి. దానిమీద రాగి పూత, దానిమీద నికెల్ పూత, అన్నిటికంటే పైన క్రోమియం పూత. కంటికి కనిపించేది క్రోమియమే అయినా దాని మందం మైక్రానులో సగం కూడా ఉండకపోవచ్చు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. తుప్పును ఆపే బరువంతా కింద ఉన్న నికెల్‌దే. శ్రీకాకుళం జిల్లాకు 190 కిలోమీటర్ల పైచిలుకు తీరం ఉంది, రాష్ట్రంలో అంత పొడవు మరో జిల్లాకు లేదు. కళింగపట్నం వైపు నుంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. పూతలో సూదిమొనంత కన్నం దొరికితే చాలు, ఆ ఉప్పుతేమ కిందికి దిగి జింకును తింటుంది. తిన్న చోట తెల్లపొడి ఉబ్బి, పూతను పైకి లేపుతుంది. అవే పొక్కులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌నూ, 2018 అక్టోబరు 11న తిత్లీనీ ఆరుబయట నిలబడి భరించిన కార్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

రెండో కారణం భక్తి. దసరాకు ఆయుధపూజ నాడు అక్షరాల మీద పసుపు, పసుపు మీద కుంకుమ, ఆ పైన నిమ్మకాయ రసం. ఏటేటా ఇదంతా అక్షరాల సందుల్లో గట్టిపడి, తడి తగిలినప్పుడల్లా నానుతుంది. నిమ్మరసంలోని ఆమ్లానికి జింకు ఇష్టమైన ఆహారం. దైవకార్యం గనుక దీనిమీద ఇంతకంటే వ్యాఖ్యానించను.

'చింతపండు రుద్ద': ఇది నిషేధవాక్యం. సరవకోట మండలం బుడితిలో కంచు, ఇత్తడి పాత్రలు తయారవుతాయి. భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం అది. బుడితి చెంబును చింతపండుతో తోమితే తళతళలాడడం ఈ జిల్లాలో ప్రతి ఇంటికీ తెలుసు. రాగి ఉన్న లోహం నల్లబడితే ఆ నలుపును చింతపండులోని పులుపు కరిగించుకుపోతుంది. చెంబుకు చెల్లిన న్యాయం డిక్కీకి చెల్లదు. క్రోమియం మీద కరిగించవలసిన నలుపు లేదు, పొక్కు కింద కరగకూడని జింకు ఉంది. 'సిరియు' అనే చోట 'యు' కారం ఉన్నదీ పోతుందని సూచిస్తున్నది. ఇది ధ్వని.

మరి దేనితో కడగాలి? గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, పాత టూత్‌బ్రష్షు. మూలంలో లేకపోయినా ఇది ఆక్షేపలభ్యం.

ముందుగా పేరును మూత నుంచి విడదీయాలి. పాతరకం అయితే వెనక పిన్నులుంటాయి. అవి మూతలోని రంధ్రాల్లోంచి దిగి లోపలివైపు క్లిప్పులతో బిగిసి ఉంటాయి. డిక్కీ తెరిచి, లోపలి నుంచి క్లిప్పులు వదులు చేసుకోవాలి. బయటి నుంచి స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తేవాడికి పిన్ను విరుగుతుంది, మూత మీది రంగూ లేస్తుంది. తర్వాతి రోజుల్లో జిగురు టేపుతో అంటించిన పేర్లయితే, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వెచ్చచేసి, వెనకనుంచి గేలం వేసే నైలాను దారంతో రంపంలా కోయాలి. సముద్రం ఈ కారుకు చేసిన అపకారానికి సముద్రపు సామాను చేసే ప్రత్యుపకారం అది. తీసేముందు చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి ఆనవాలు పెట్టుకోకపోతే, తిరిగి పెట్టేటప్పుడు పేరు ఒకవైపుకు ఒరుగుతుంది. ఒరిగిన పేరున్న కారు వెనక ప్రయాణించడం ఎంత బాధో బొబ్బిలి రోడ్డు మీద వెళ్లేవారికి తెలుసు.

'గుంట': శ్రీకాకుళం మాటలో గుంట అంటే ఆడపిల్ల. ఆ అర్థం ఇక్కడ పొసగదు. ఎంబ్లెములో పల్లంగా ఉండి, రంగు నిలవవలసిన భాగమే గుంట. గట్టు మెరుస్తుంది, గుంట రంగు పట్టుకుంటుంది, రెంటి తేడా వల్లే అక్షరం దూరం నుంచి కనబడుతుంది. రంగు పోయిన పేరు మెరుస్తున్నా చదవలేకపోవడానికి కారణం ఇదే.

'కుంచెతో': దీనికి పాఠాంతరాలున్నాయి. 'సిరంజితో' అని కొందరు. ఇక్కడ గణభంగమూ యతిభంగమూ రెండూ ఉన్నాయి. కానీ సన్నని సందుల్లో రంగు పోయడానికి సిరంజి కుంచె కంటే బాగా పనిచేస్తుంది, కాబట్టి ఛాందసులు తప్ప తక్కినవారు ఈ పాఠాన్ని ఆదరిస్తారు. 'గోళ్ల రంగుతో' అని ఇంకో పాఠం. త్వరగా ఆరుతుందని దాని ఆకర్షణ. ఎండకు పెచ్చులు కడుతుంది కనుక ఆ పాఠం త్యాజ్యం.

'గట్టు తుడువ': పద్యానికి ప్రాణం ఇక్కడుంది. తక్కిన మూడు పాదాలూ దీనికోసమే రాసినట్టు పాఠకులు అనుమానిస్తే తప్పులేదు. ఎనామిల్‌ను టర్పెంటైన్ చుక్కలతో కాస్త పలచన చేసి గుంటలో వదిలితే దానంతట అదే అంచులదాకా పాకుతుంది. గట్టుమీదికి పొంగినా కంగారు పడక్కర్లేదు. పైపైన ఆరి వేలికి జిగటగా తగిలే దశ వచ్చేదాకా ఆగాలి. అప్పుడు పాత ఏటీఎం కార్డుకు పలచని నూలుగుడ్డ బిగువుగా చుట్టి, టర్పెంటైన్‌తో తడి అంటీ అంటనట్టు చేసి, గట్టు మీద మాత్రమే బల్లపరుపుగా లాగాలి. గుడ్డను వేలికి చుట్టుకుంటే వేలు మెత్తన, గుంటలోకి దిగుతుంది, పోసిన రంగంతా పైకి తెస్తుంది. కార్డు గట్టిది, గట్టు నుంచి గట్టుకు దాటుతుంది. ఒక్కసారి మందంగా పోయడం కంటే, ఆరనిచ్చి రెండోసారి పలచగా పోయడం మేలు.

పేరు ప్లాస్టిక్‌దైతే టిన్నరు దరిచేరనివ్వకూడదు. అసిటోను కలిసిన టిన్నరుకు ఎంబ్లెముల్లో వాడే రకం ప్లాస్టిక్ కరిగిపోతుంది, ఎవరు కూర్చిన అక్షరమో తెలియకుండా పోతుంది. లోహమా ప్లాస్టిక్కా అన్నది చేతిలో బరువు చూస్తే తెలుస్తుంది. అయస్కాంతంతో పరీక్షిస్తానంటే కుదరదు, జింకు కూడా దానికి అంటుకోదు.

ఋతువిచారం కూడా ఉండాలి. వానాకాలపు ఉక్కలో పైన లక్కరు కొడితే తెల్లని మసక పడుతుంది. లక్కరులోని ద్రవం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దానిమీద పేరుకుంటుంది. సంక్రాంతి ముందరి పొడి రోజులు ఈ పనికి శ్రేష్ఠం. ఆ రోజుల్లో అందరికీ సొంతూరు ప్రయాణాలు ఉంటాయి కనుక కారు అందుబాటులో ఉండదు. ఇది విరోధాభాసం.

విశేషము

కాళిదాసు కావ్యాలకు టీక రాసిన కోలాచలం మల్లినాథసూరి మెదక్ సీమ కొల్చారం వాడు, మన తెలుగువాడే. దుర్వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికించడానికి రాస్తున్నానని తన టీకకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. ఆధారం లేనిదీ, అక్కర్లేనిదీ రాయకపోవడం ఆయన నియమం. కిరాతార్జునీయానికి ఆయన రాసిన టీక పేరు ఘంటాపథం, అంటే రాచబాట. విజయనగరం గంటస్తంభం దగ్గర సాయంత్రం పూట కారు తోలేవారు ఆ పేరు విని నవ్వుకోవచ్చు.

ఎంబ్లెముకు దుర్వ్యాఖ్య ఏదంటే సిల్వర్ స్ప్రే డబ్బా. పొక్కుల మీద లప్పం పెట్టి, ఎమరీ పేపరుతో గీకి, మొత్తాన్ని వెండిరంగుతో ముంచేస్తే, క్రోమియంలో ఆకాశం కనిపించే చోట బూడిద కనిపిస్తుంది. గుంటా గట్టూ ఒకటైపోతాయి. పోయిన పూతను నిజంగా తిరిగి తేవాలంటే పాతది ఊడదీసి, బఫ్ చేసి, రాగి, నికెల్, క్రోమియం తొట్లలో వరసగా ముంచాలి. క్రోమియం తొట్టిలో వాడే ద్రావణం కాన్సరు కారకం, పెరట్లో బకెట్టు పెట్టుకుని చేసే పని కాదు. కాబట్టి ఇంటి టీకాకారుడు పొక్కును పొక్కుగానే వదిలేయాలి. రాతప్రతిలో చెదలు తిన్న చోట పండితుడు 'గ్రంథపాతం' అని రాసి చుక్కలు పెడతాడే తప్ప సొంత కవిత్వం కూర్చడు.

కొందరు కూర్చారు. అంబాసిడర్ ముందుభాగాన బెంజి నక్షత్రం అంటించిన టాక్సీలు చూశాం. పరిష్కర్తలు దీన్ని ప్రక్షిప్తం అంటారు. నక్షత్రం పీకేశాక మిగిలిన రెండు కన్నాల్లో ఏం పెట్టాలన్నది మరో ప్రకరణం.

పూర్వపక్షము

టింకరింగ్ షెడ్డులో వినవచ్చే ఆక్షేపణ ఇది: "ఏటి బాబూ, అంబాసిడర్ని అంబాసిడరని రాసి సెప్పాలేటి? ఎనక నుంచి సూత్తే గుడ్డోడికి కూడా తెలుస్తాది." బలమైన వాదమే. ఆ గుండ్రని వీపును చూసి మరో కారు అనుకున్నవాడు లేడు.

సమాధానం విరాటపర్వంలో ఉంది. ఉత్తర గోగ్రహణంలో కౌరవసేనను చూపిస్తూ, ఎవరు ఎవరో ఉత్తరుడికి అర్జునుడు జెండా గుర్తుల్ని బట్టి చెప్పుకొస్తాడు. బంగారు వేదిక ఉన్నది ద్రోణుడిది, సింహం తోక అశ్వత్థామది, ఎద్దు కృపుడిది, శంఖం కర్ణుడిది, మణులు పొదిగిన పాము దుర్యోధనుడిది, తాటిచెట్టు భీష్ముడిది. తిక్కన పద్యంగా తెలుగు బళ్లలో చదివిన ఘట్టమే. అర్జునుడికి ఆ గుర్తులు అక్కర్లేదు, వాళ్లంతా ఆయన తాతలూ గురువులూ అన్నదమ్ములూ. గుర్తులు కావలసింది వాళ్లను అంతవరకూ చూడని కుర్రవాడికి. 2014 తర్వాత పుట్టిన పిల్లలెవరూ షోరూమ్‌లో అంబాసిడర్‌ను చూసి ఉండరు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర సిగ్నలు పడినప్పుడు, పక్క ఆటోలోంచి తొంగిచూసి ఒక్కో అక్షరం కూడబలుక్కునేది వాళ్లే.

ఇది ఏపీ 35 సంజ్ఞాంకితమును, పసుపుకుంకుమార్చితమును, నిమ్మకాయ మిరపకాయ సంరక్షితమును అగు అంబాసిడర్ మహావాహనమున డిక్కీ కాండమునందు నామ ప్రకరణమునకు టీక సమాప్తము. దీని తరువాత బంపరు ప్రకరణము. అది ఉక్కు మీద పూత గనుక అక్కడ అల్యూమినియం రేకును నీట తడిపి రుద్దవచ్చును, చింతపండు అక్కడ కూడా నిషిద్ధమే.