కార్బైడు భక్తి

వైశాఖమాసమున నూజివీడు తోటలలో కాయ కోతకు వచ్చుటతోడనే మా ఉంగుటూరి మీదుగా రెండు జాతులవారు సంచరించుట పరిపాటి. ఒకరు కాయను బేరమాడు షావుకార్లు; మరియొకరు పుణ్యమును, రుచిని ఒక్క గుక్కలో బేరమాడు యాత్రికులు. మొదటివారితో నాకు తగవు లేదు. లాభమునకై వచ్చితిమని వారు దాచక చెప్పుదురు. రెండవవారు మాత్రము ‘అనుభవము’నకై వచ్చితిమందురు, ఆ మాట వినినప్పుడెల్ల నాకు జేబు తడిమి చూచుకొనవలెననిపించును.

మొన్నామధ్య ఒక రాత్రి పది గంటలకు మా మేనల్లుడు భార్యాసమేతుడై కారులో మా వాకిట దిగెను. ముందునాడు మారేడుమిల్లి అడవిలో బొంగు చికెన్ ఆరగించి, ఆనాడు తెల్లవారుజాము మొదలు సామర్లకోట, ద్రాక్షారామము, పాలకొల్లు, భీమవరము, అమరావతి అను పంచారామములను ఒక్క పగటిలో ముగించి వచ్చితినని, పరీక్ష గట్టెక్కిన విద్యార్థివలె చెప్పెను. ‘ముగించి’ అను మాట వానిదే, నేను కల్పింపలేదు.

892లో గద్దెనెక్కి ముప్పది యేండ్లు వేంగిని ఏలిన చాళుక్య భీముని పేరుతో ముడివడిన ద్రాక్షారామ, సామర్లకోట ఆలయములలో శివలింగము రెండంతస్తుల ఎత్తు గలది. క్రింద పాదభాగమును దర్శించి, మెట్లెక్కి పైయంతస్తున శిరోభాగమును సేవింపవలెను. మావాడు ఒకచోట క్రిందిది, మరియొకచోట పైది చూచి, వెరసి ఒక స్వామిని పూర్తి చేసికొనెను. గణితశాస్త్రము భక్తికి ఇంతగా ఉపకరించునని పూర్వులెరుగరు గదా!

ఇక భీమవరము గునుపూడి సోమేశ్వరుడున్నాడు. ఆ లింగము పౌర్ణమికి శ్వేతవర్ణమును, అమావాస్యకు శ్యామవర్ణమును దాల్చునని భక్తుల విశ్వాసము. అనగా ఆ స్వామిని సాంతముగా చూడగోరువానికి ఒక పక్షము పట్టును. మావాడు పావుగంట కేటాయించెను. “ఏ తిథినాడు చూచితివిరా, ఏ రంగున ఉన్నాడు స్వామి?” అని అడిగితిని. వాడు ఫోను తీసి, అటునిటు త్రిప్పి, “బుధవారం, మావయ్యా,” అనెను.

కార్తీకములో ఆర్టీసీ వారి ప్రత్యేక బస్సెక్కి ఒక్కనాటిలో ఐదు ఆరామములను చుట్టివచ్చు ముసలమ్మను నేను ఎగతాళి చేయుటలేదు. ఆమె ఉపవాసముండి, ఏడాది పొడుగున కూడబెట్టిన సొమ్ముతో టికెట్టు కొని, మరల వచ్చుటకు ఆయుష్షు చాలునో చాలదో యని తలచుచు స్వామి ఎదుట నిలుచును. ఆమె తొందర బస్సుది. మావాని తొందర వాని సొంతము.

తిండి సంగతియు ఇట్టిదే. లేత వెదురుబొంగులో కారమద్దిన మాంసమును కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పులపై కాల్చుట కొండవాసుల వంటనేర్పు; గిన్నె మోయనక్కరలేని చోట అడవియే గిన్నెనిచ్చును. గిన్నెలు పట్టక ఇంట అల్మరాలు పెంచుకొన్నవానికి అదే కూడు ‘సాహసము’! నూరు కోళ్లను ఎరిగిన నోటితో నూటొకటవ కోడిని తిని, పులితో పెనుగులాడివచ్చిన వీరునివలె ఫొటోకు నిలుచుటలో సాహసమేదైన నున్నచో, అది కోడిది.

“ఇక్కడ అడ్వెంచరస్‌గా తినేదేమిటి, మావయ్యా?” అని మావాడు మరునాడు ప్రశ్నించెను. మా అమ్మ అటకమీది ఎండుగడ్డి తొలగించి, తొడిమచెంత కొంచెము ముడుతపడిన చిన్నరసమునొకటి తెచ్చి వాని చేతిలో పెట్టెను. వాడు దానిని నలుదిక్కుల ఫొటోలు తీసి, “కత్తి ఉందా, అమ్మమ్మా?” అని అడిగెను.

“కొయ్యడానికి కలెక్టరు కాయ వేరే ఉందిరా అబ్బాయ్. రసాన్ని కోస్తారా ఎక్కడైనా? మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, జుర్రు!”

తోతాపురిని మా వైపు కలెక్టరందురని ఎరుగని మావాడు ఒక ప్రభుత్వాధికారిని కోయుమన్నట్లు తెల్లబోయెను. వాని భార్య మాత్రము మారుమాటాడక పండును పిసికి నోట పెట్టుకొనెను. రసము మణికట్టు దాటి మోచేతివరకు ధారకట్టెను. టెంక తెల్లబడువరకు ఆమె ఎవరితోను మాటలాడలేదు. ఈ యాత్ర మొత్తములో దర్శనమన దగినది ఆ ఇల్లాలికి మా వసారాలో జరిగినదని నా అభిప్రాయము.

ప్రయాణమగునప్పుడు అమ్మ ఒక పెట్టెడు పచ్చికాయలిచ్చెను. “ఎన్ని గంటల్లో పండుతాయి, అమ్మమ్మా?”

“గడ్డిలో వేసి ఊరుకో. వాసనే నిన్ను పిలుస్తుంది.”

ఈ సమాధానము వానికి రుచింపలేదు. గంటల లెక్క కావలెనన్నచో షావుకారు చెప్పగలడు: కార్బైడు పొట్లము కాయల నడుమ నుంచినచో, తేమ తగిలి ఎసిటిలీను వాయువు పుట్టి, తోలునకు బంగారువన్నె శీఘ్రముగా అబ్బును, లోపలి పులుపు మాత్రము ఎక్కడిదక్కడనే యుండును. పండ్ల విషయమున ఈ అపచారమును 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు నిషేధించినవి. యాత్రికుల విషయమున నిషేధమేదియు లేదు. కావుననే వారు ఒక్క పగటిలో పసుపువన్నె తిరిగి, ఫొటోలలో నిగనిగలాడుచు, కొరికినవారికి పండ్లు పులియజేయుచున్నారు. గుడికైనను పండుకైనను కావలసినది కాళ్ల వేగము కాదు, కూర్చొను ఓపిక.

నాలుగవనాడు హైదరాబాదునుండి ఫోను వచ్చెను.

“అమ్మమ్మా! ఇల్లంతా ఒకటే వాసన. ఇప్పుడేం చెయ్యాలి?”

“ఏం చెయ్యకురా నాయనా,” అనెను మా అమ్మ. “కూర్చో.”